బొంబాయి రోడ్డున కాలినడక

గోల్కొండ చుట్టూ వాహ్యాళికి పోయే నగరవాసికి నడక వేడుక. పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ మీదుగా సంగారెడ్డికి సాగే బొంబాయి రోడ్డున నడక బతుకుతెరువు.

బీదరు, గోల్కొండ సుల్తానులను మనం మరువలేదు. నిజాం పాలనలో అధికారుల సామాను ఊరినుంచి ఊరికి మోసిన వెట్టివాళ్ళ ఊసెవరికి?

1970ల నుంచి ఫాక్టరీలు బారులు తీరాయి. కాలిబాటలు ప్రహరీల పాలయ్యాయి, నక్కవాగు విషమెక్కింది. ఒడిశా, బీహారు, ఝార్ఖండ్ కూలీలు ఇరుకు గదుల్లో చేరారు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్. ఇస్నాపూర్‌కు ఆవల, కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న కార్మికులు జీతాలకోసం, ఇంటిదారికోసం ఏప్రిల్ 29న తిరగబడ్డారు. మే 1న, సరిగ్గా మేడే వేకువన, సుమారు 1200 మందితో లింగంపల్లి నుంచి హతియాకు రైలు కదిలింది. వలసకార్మికులకై దేశంలో నడిచిన తొలి ప్రత్యేక రైలు అదే. ఎవరి దయవల్లనో కాదు. రైలందని వారెందరో నగరం నుంచి మేడ్చల్ దారిన, నాగపూరు వైపు, పిల్లలను భుజాన వేసుకుని నడిచిపోయారు.