ముందు భోజనం, తర్వాత పేరు

విదేశాలు తిరిగొచ్చిన వాళ్ళని కదిలిస్తే చూసిన కోటల కన్నా ముందు కలిసిన మనుషుల మాటే వస్తుంది. దారి తప్పితే ఎవరో వెంట నడిచి బస్సెక్కించారని, భాష రాకపోయినా కూర్చోబెట్టి టీ ఇచ్చారని, చిల్లర లేకపోతే పక్కావిడే టికెట్ తీసిందని చెబుతారు. "ఆ దేశం వాళ్ళు చాలా మంచివాళ్ళండీ" అన్న మాటతో కథ ముగుస్తుంది. ఆ మంచితనం నిజమే. కాని అది ఒక జాతికి పుట్టుకతో వచ్చిన గుణమన్నట్టు చెప్పుకోవడాన్ని నేను ఒప్పుకోలేను. ముక్కూ మొహం తెలియని మనిషిని ఆదరించడం ఎన్నో తరాలు కష్టపడి కట్టుకున్న ఏర్పాటు. దాని వెనక దారులున్నాయి, భయాలున్నాయి, శాసనాలున్నాయి, దాతలు రాసిచ్చిన మాన్యాలున్నాయి. ఆ చరిత్ర చదువుతున్నప్పుడల్లా నాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. వాకిట్లోకి వచ్చిన మనిషిని నువ్వెవరని ఎప్పుడు అడిగారు? అన్నం పెట్టాకా, పెట్టే ముందా?

పురాతన గ్రీకుల జవాబు స్పష్టం. హోమర్ కావ్యాల్లో అతిథి వస్తే కాళ్ళు చేతులు కడుక్కోవడానికి నీళ్ళిస్తారు, కడుపు నిండా పెడతారు, పేరూ ఊరూ అడగడం ఆ తర్వాతే. ఈ మర్యాదకి కాపలా సాక్షాత్తూ దేవతల రాజు జ్యూస్. ఇలియడ్‌లో బెల్లెరోఫాన్ అనే వీరుడు ఒక లేఖ పట్టుకుని లిసియా రాజు దగ్గరికి వెళతాడు. తెచ్చినవాణ్ణి చంపెయ్యమని ఆ లేఖ సారాంశం. రాజు తొమ్మిది రోజులు రోజుకో ఎద్దును కోసి విందు చేసి, పదో రోజున గాని లేఖ అడగడు. చదివాక కూడా ఇంట్లో తిన్నవాణ్ణి తన చేత్తో చంపలేక ప్రమాదకరమైన పనులకి పంపిస్తాడు. ఈ కథలో నాకు కనిపించేది దయ ఒక్కటే కాదు, జాగ్రత్త కూడా. పోలీసూ కోర్టూ లేని లోకంలో కొత్తవాడు శత్రువు కావచ్చు, మారువేషంలో ఉన్న దేవుడూ కావచ్చు. ఇద్దరినీ అదుపులో పెట్టే ఉపాయం విస్తరి వెయ్యడమే. తిన్న చేత్తో దోచుకోకూడదు, పెట్టిన చేత్తో కొట్టకూడదు.

తర్వాతి కాలంలో ఈ బాధ్యత ఇంటి యజమాని నుంచి సంస్థల చేతికి పాకింది. క్రీస్తుశకం నాలుగో శతాబ్దంలో కైసరియా బిషప్ బాసిల్ ఊరి వెలుపల బాటసారులకీ రోగులకీ కలిపి పెద్ద ఆశ్రయం కట్టించాడు. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన సన్యాసులకి రాసిన నియమావళిలో, వచ్చే అతిథిని సాక్షాత్తూ క్రీస్తుగా భావించి ఆదరించమని ఒక అధ్యాయమే పెట్టాడు. ఆల్ప్స్ పర్వతాల్లో 2,469 మీటర్ల ఎత్తున ఉన్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ దగ్గర పదకొండో శతాబ్దంలో పుట్టిన ధర్మశాల ఇవాళ్టికీ నడుస్తోంది. మంచులో కూరుకుపోయిన వాళ్ళని వెతకడానికి అక్కడి సన్యాసులు పెంచిన కుక్కలే ఆ పేరుతో ప్రపంచమంతా ప్రసిద్ధి పొందాయి. అవసరం ఎక్కడ ప్రాణాంతకమో అక్కడే ఆతిథ్యం బలంగా వేళ్ళూనుకుంది. కొండల, ఎడారుల, ద్వీపాల మనుషులు ఆప్యాయంగా ఉంటారని ప్రయాణికులు నేటికీ చెప్పడానికి ఇదొక కారణమని నా నమ్మకం. అక్కడ ఇవాళ తలుపు తీసినవాడు రేపు తలుపు తట్టాల్సి వస్తుంది.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసేది పదమూడు, పద్నాలుగు శతాబ్దాల అనటోలియా, అంటే నేటి టర్కీ. సెల్జుక్ సుల్తానులు వర్తక మార్గాల పొడవునా సరాయిలు కట్టించారు. అక్సరాయ్ దగ్గర 1229లో అలాయెద్దీన్ కైకుబాద్ కట్టించిన సుల్తాన్ హాన్ వాటిలో పెద్దది. ఒంటెలకి మేత, మనుషులకి భోజనం, జబ్బు చేస్తే మందు, మూడు రోజుల దాకా ఉచితం. దారిలో దొంగలు దోచుకుంటే వర్తకుడి నష్టాన్ని ఖజానా భరించేది. మంత్రి కరతాయ్ కట్టించిన సరాయి ధర్మకర్తృత్వ పత్రంలో ఇంకా గొప్ప నిబంధన ఉంది. వచ్చినవాడు ముస్లిమైనా కాకపోయినా, బానిసైనా స్వతంత్రుడైనా, ఆడైనా మగైనా అందరికీ ఒకే వడ్డన. ఆ సరాయిలో నువ్వెవరన్న ప్రశ్నకి విలువే లేకుండా పోయింది.

1330ల మొదట్లో ఆ దారుల్లోనే ఇబ్న్ బతూతా తిరిగాడు. మొరాకోలోని టాంజియర్ నుంచి 1325లో, ఇరవయ్యొకటో ఏట బయలుదేరిన యువకుడు. ట్యునిస్ చేరినప్పుడు అందరూ ఒకరినొకరు పలకరించుకుంటుంటే తనని పలకరించే దిక్కులేక ఏడ్చేశానని రాసుకున్నాడు. అది గమనించి దగ్గరికొచ్చి ఓదార్చినవాడు ఒక తోటి యాత్రికుడు. ఆ ఒంటరితనం రుచి చూసినవాడు కనకే, అనటోలియాలో తనకి జరిగిన ఆదరణని అంత వివరంగా రాశాడు. అక్కడి ఊళ్ళలో అఖీలనే సోదర బృందాలుండేవి. పగలంతా ఎవరి వృత్తి వాళ్ళు చేసుకుని, సాయంత్రం సంపాదన తెచ్చి నాయకుడికిచ్చేవారు. ఆ డబ్బుతో పళ్ళూ భోజనమూ కొని, ఆ రోజు ఊరికి వచ్చిన పరదేశికి పెట్టి తామూ తినేవారు. అంటాల్యాలో చిరిగిన బట్టల మనిషి ఒకడు విందుకి పిలిస్తే, ఈ పేదవాడు మనందరికీ ఏం పెడతాడని బతూతా సందేహించాడు. తీరా చూస్తే అతను చెప్పులు కుట్టే పనివాడు, దాదాపు 200 మంది సభ్యులున్న అఖీల పెద్ద. లాదిక్, అంటే నేటి డెనిజ్లీ బజారులో ఇంకా విచిత్రం జరిగింది. దుకాణాల్లోంచి కొందరు దూకి బతూతా గుర్రం కళ్ళెం పట్టుకున్నారు. మరికొందరు వచ్చి వాళ్ళతో తగాదా పడి కత్తులు దూశారు. దొంగలనుకుని ఆయన వణికిపోయాడు. అరబీ తెలిసిన ఒక హాజీ విషయం విప్పి చెప్పాడు. రెండు అఖీ బృందాలు, అతిథి మాకంటే మాకని కొట్లాట. చివరికి చీటీలు వేసి తేల్చుకున్నారు. ముందు గెలిచిన వాళ్ళింట్లో, తర్వాత ఓడిన వాళ్ళింట్లో భోజనం.

బతూతా కాలానికి ముందే మన తీరంలోనూ ఒక మేలి మలుపు వచ్చింది. తుఫానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు స్థానిక రాజువే అన్నది పాత ఆనవాయితీ. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించి దాన్ని రద్దు చేశాడు. ప్రాణాలకి తెగించి సముద్రం దాటి వచ్చే ద్వీపాంతర, దేశాంతర వర్తకుల దగ్గర నిర్ణీత సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని రాతి మీద రాయించాడు. 1358లో అనపోతారెడ్డి అక్కడే మళ్ళీ శాసనం వేసి వర్తకులని ఆహ్వానించాడు. సుంకం మీద రాజుకున్న ఆశ ఇందులో లేదనను. కాని ఒడ్డున పడ్డ పరాయివాణ్ణి వేటగా కాక మనిషిగా చూస్తానని పాలకుడు మాటిచ్చాడు. తెలుగు నేల మీద అంత పాత హామీ ఉందని మన పిల్లల పాఠాల్లో మరింత గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

ఓడ పగిలిన కథ ఇంకొకటి ఉంది. 1890 సెప్టెంబరులో ఎర్తుగ్రుల్ అనే టర్కీ యుద్ధనౌక జపాన్‌లోని కుషిమోటో దగ్గర తుఫానులో మునిగిపోయింది. 500 మందికి పైగా చనిపోయారు. ఒడ్డుకి చేరిన 69 మందిని ఓషిమా దీవి పల్లెవాళ్ళు తమ ఇళ్ళకి చేర్చి, ఉన్న కొద్దిపాటి తిండీ బట్టలూ ఇచ్చి బతికించారు. 1985 మార్చిలో ఇరాన్ ఇరాక్ యుద్ధం మధ్య టెహ్రాన్‌లో చిక్కుకుపోయిన 215 మంది జపాన్ వాళ్ళని టర్కీ విమానాలు బయటికి చేర్చాయి. తొంభై అయిదేళ్ళ నాటి ఆ రాత్రిని టర్కీ మరిచిపోలేదు.

పందొమ్మిదో శతాబ్దంలో రైలూ హోటలూ వచ్చి ఆతిథ్యాన్ని కొనుక్కునే వస్తువుగా మార్చాయి. 1841లో థామస్ కుక్ లెస్టర్ నుంచి లఫ్‌బరోకి ఒక షిల్లింగుకి జనాన్ని రైల్లో తీసుకెళ్ళాడు. అందులో తప్పు పట్టను. డబ్బిచ్చి గది తీసుకోవడంలో పేదవాడికీ ఒక గౌరవం ఉంది. అసలు మార్పు 1914లో వచ్చింది. అప్పటిదాకా ఐరోపాలో చాలా సరిహద్దులు పాస్‌పోర్టు లేకుండానే దాటేవారు. తాను ఇండియాకీ అమెరికాకీ పాస్‌పోర్టు లేకుండానే వెళ్ళొచ్చానని చెబితే కుర్రవాళ్ళు ఆశ్చర్యపోయేవారని రచయిత స్టీఫన్ జ్వైగ్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధం తాత్కాలికమంటూ తెచ్చిన కాగితం శాశ్వతమైపోయింది. 1920లో మన దేశానికీ పాస్‌పోర్టు చట్టం వచ్చింది. ఇక గడప దగ్గర మొదటి ప్రశ్న పేరే, ఆ వెంటనే పుట్టిన దేశం.

సొంత దేశంలోనే పరాయివాళ్ళయిన వాళ్ళూ ఉన్నారు. అమెరికాలో, హార్లెంలో ఉండే తపాలా ఉద్యోగి విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో నల్లజాతి ప్రయాణికుల కోసం ఒక చిన్న మార్గదర్శి అచ్చువేశాడు. ఏ ఊళ్ళో తమని రానిస్తారో, ఎక్కడ తినొచ్చో, ఎక్కడ పెట్రోలు పోయించుకోవచ్చో అందులో ఉండేది. హోటళ్ళు తలుపు మూసిన ఊళ్ళలో మామూలు కుటుంబాలు తమ గదులిచ్చేవి. అమెరికా వాళ్ళు ఎంత కలుపుగోలు మనుషులో అని రాసిన ఆ కాలపు యాత్రికుల పక్కన ఈ పుస్తకాన్ని పెట్టుకుని చదవాలి. చిరునవ్వు ఎవరికి దొరికిందో, ఎవరికి దొరకలేదో అప్పుడు తెలుస్తుంది.

ఆ మూసిన తలుపుల కాలంలో ఇద్దరు భారతీయులు చేసిన సాహసం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అణ్వాయుధాలకి వ్యతిరేకంగా సతీష్ కుమార్, ఇ.పి. మీనన్ 1962లో ఢిల్లీలోని గాంధీ సమాధి నుంచి నడక మొదలుపెట్టారు. చేతిలో డబ్బు ఉంచుకోవద్దని వినోబా భావే చెప్పిన మాట పాటించారు. డబ్బుంటే సత్రం వెతుక్కుంటారు, లేకపోతే మనిషిని వెతుక్కుంటారు. పాకిస్తాన్, అఫ్ఘనిస్తాన్, ఇరాన్ దాటి మాస్కో, పారిస్, లండన్, చివరికి వాషింగ్టన్ దాకా దాదాపు 8 వేల మైళ్ళ యాత్ర. జార్జియాలో టీ ఫ్యాక్టరీలో పనిచేసే మహిళలు నాలుగు టీ పొట్లాలిచ్చి, నాలుగు అణు రాజ్యాల అధినేతలకీ చేర్చమన్నారు. మీట నొక్కాలనిపించినప్పుడు ముందు ఒక కప్పు టీ తాగమని కబురు. శత్రుదేశమన్న పేరున్న చోట కూడా వాళ్ళని నడిపించింది పరాయి ఇళ్ళ రొట్టెలే.

అపరిచితుల ఇంట దిగే ఏర్పాట్లు మళ్ళీ తలెత్తినది కూడా యుద్ధాల గాయం మీదే. 1949లో డెన్మార్క్‌లో మొదలైన సర్వాస్ ఉద్యమం, దేశాల మధ్య శాంతి కోసం సభ్యుల ఇళ్ళనే బసగా చేసింది. 2004లో కేసీ ఫెంటన్ కౌచ్‌సర్ఫింగ్ ప్రారంభించాడు. అంతకు ముందు ఐస్‌లాండ్ వెళుతూ అక్కడి విశ్వవిద్యాలయంలోని 1,500 మంది విద్యార్థులకి బస ఇవ్వమని ఈమెయిళ్ళు పంపితే వచ్చిన స్పందనే దానికి ప్రేరణ. 2011లో అది లాభాపేక్ష సంస్థ అయింది, 2020లో సభ్యత్వానికి రుసుము పెట్టింది. ఈ పద్ధతిలో ముందు వివరాలు చదివి, ఇతరులిచ్చిన మెప్పు చూసి, ఆ తర్వాతే తలుపు తీస్తారు. ఒంటరి ఆడపిల్లకి అది రక్షణ, కాదనను.

2001 సెప్టెంబరు 11న మాత్రం అంత వ్యవధి లేదు. ఉగ్రవాద దాడుల తర్వాత అమెరికా గగనతలం మూసేయడంతో 38 విమానాలు కెనడాలోని గాండర్ అనే చిన్న పట్టణంలో దిగాయి. పదివేల జనాభా ఉన్న ఊరికి ఒక్క పూటలో దాదాపు ఏడువేల మంది అతిథులు. సమ్మెలో ఉన్న స్కూలు బస్సుల డ్రైవర్లు సమ్మె పక్కనపెట్టి బండ్లు తీశారు. బడులూ చర్చిలూ బసలయ్యాయి, ఇళ్ళ స్నానాల గదులు అందరివీ అయ్యాయి. ఆ రోజు ప్రపంచమంతా కొత్త మనిషిని అనుమానించడం మొదలుపెడితే గాండర్ వంట మొదలుపెట్టింది.

ఈ చరిత్రలో మన వాళ్ళకి అతి దగ్గరి అధ్యాయం గల్ఫ్. ఎడారిలో గుడారానికి వచ్చినవాడి ప్రాణానికి యజమాని పూచీ పడడం అరబ్బు సంప్రదాయంలో ఎంతో పవిత్రం. వలస కూలీకి పనిలో పెట్టుకున్నవాడే పూచీ పడే, ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన కఫాలా పద్ధతికి ఆ పూచీ భావనలోనే మూలం ఉందని చాలామంది పరిశోధకులు చెబుతారు. కాని చమురు కాలంలో పూచీ పడ్డవాడే వీసాకి యజమాని అయ్యాడు. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప నుంచి వెళ్ళిన కూలీ అతని అనుమతి లేకుండా ఉద్యోగం మారలేకపోయాడు, కొన్ని దేశాల్లో తిరిగి రావడానికీ అనుమతి కావాల్సి వచ్చింది. అక్కడ దారినపోయే వాళ్ళు మంచినీళ్ళూ ఖర్జూరాలూ పంచారని, రంజాన్ నెలలో మసీదు దగ్గర కూర్చోబెట్టి ఇఫ్తార్ పెట్టారని చెప్పే మన కూలీలు ఎందరో ఉన్నారు. అదీ నిజమే. పెట్టే చెయ్యీ, పాస్‌పోర్టు దాచుకునే చెయ్యీ ఒకే వీధిలో ఉన్నాయి. 2020లో ఖతార్, యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారొచ్చని చట్టం మార్చింది. 2021 మార్చిలో సౌదీ అరేబియా కూడా కొన్ని కట్లు సడలించింది. ఆ సడలింపు కంపెనీల్లో పనిచేసే వాళ్ళకే. యజమానుల ఇళ్ళలోనే ఉండి, వంట చేసి, పిల్లల్ని పెంచే పనిమనుషులకి అది వర్తించలేదు.