కాటమరాజు వంశం

కాటమరాజు వంశం తెలుగు వీరగాథల్లో ప్రసిద్ధి పొందిన యాదవ (గొల్ల) వీరుల వంశం. ఆలమందలే వీరి ఆస్తి, వాటి రక్షణే వీరి యుద్ధధర్మం. ఈ వంశీయులకూ నెల్లూరు పాలకుడు నల్లసిద్ధికీ పుల్లరి (పచ్చిక మీద పన్ను) విషయంలో జరిగిన పోరు కాటమరాజు కథలకు కేంద్రం. పల్నాటి వీరుల కథతో పాటు తెలుగులో చెప్పుకోదగిన పెద్ద మౌఖిక వీరగాథాచక్రం ఇదే. కథాస్థలాలు కనిగిరి సీమ నుంచి నెల్లూరు దాకా విస్తరించాయి. నల్లసిద్ధి పుట్టిన తెలుగు చోడ వంశం మూలాలు మాత్రం కడప సీమలో, ఒంటిమిట్టకు దగ్గరలోని పొత్తపి ప్రాంతంలో ఉన్నాయి.

వంశం, ఆరాధన

కాటమరాజు తండ్రి పెద్దిరాజు. వలురాజు, పోలురాజు వంటి పెద్దల పేరిట వేరువేరు కథలు ఉన్నాయి. గాయకులు వీటిని ఒక్కొక్కటిగానూ పాడతారు, ఒకే కథగా కలిపి రాత్రుల తరబడీ పాడతారు. కనిగిరి సీమలోని ఆలవలపాడు ఈ వంశానికి నివాసమని కథ చెబుతుంది. రాజులని పిలిచినా వీరికి కోటలూ పన్నులూ ప్రధానం కాదు. మంద ఎక్కడ మేస్తే అక్కడే వీరి రాజ్యం. ఆవులకు పేర్లు పెట్టి పిలుస్తారు, వాటి కోసం ప్రాణాలిస్తారు. బొల్లావు అనే ఆవుకు ఏకంగా ఒక కథే ఉంది. ఈ కులానికి ఇలవేల్పు గంగ. గొల్లలు చేసే గంగజాతరల్లో కాటమరాజు కథ నేటికీ ఆరాధనలో భాగం.

కథ

వానలు లేక పచ్చిక ఎండిపోతే కాటమరాజు మందలను తోలుకుని దక్షిణంగా నెల్లూరు సీమకు వెళతాడు. అక్కడ నల్లసిద్ధితో ఒడంబడిక కుదురుతుంది. రాజు బీళ్లలో మందలు మేయవచ్చు, పుల్లరి కింద మందలో పుట్టిన కోడెదూడలు రాజుకు చెందుతాయి. ఇరుపక్షాలకూ మేలు చేసే ఏర్పాటు ఇది. గొల్లలకు పాడినిచ్చే పెయ్యలు మిగులుతాయి, రాజుకు దున్నడానికీ బండ్లు లాగడానికీ ఎద్దులు దక్కుతాయి.

ఈ పొత్తు ఒక చిలుక వల్ల చెడుతుంది. రాజు ఉంపుడుగత్తె పెంచుకున్న చిలుక గొల్లల చేతిలో చనిపోతుంది. ఆమె కోపంతో తన మనుషులను పంపి ఆవులను చంపిస్తుంది. తమ మందకు రక్షణ కల్పించని రాజుకు పుల్లరి కట్టేది లేదని కాటమరాజు తేల్చి చెబుతాడు. రాయబారాలు విఫలమై యుద్ధం వస్తుంది.

పోరు పాలేటి ఒడ్డున, ఎర్రగడ్డపాటి దగ్గర జరుగుతుంది. నల్లసిద్ధి సేనకు నాయకుడు ఖడ్గతిక్కన. తొలి పోరులో సైన్యం చెదిరి అతను ఇంటికి తిరిగి వస్తాడు. భార్య చానమ్మ మగవారికి పెట్టే స్నానం ఏర్పాటు చేయక, మంచం చాటు కట్టి పసుపు ముద్ద ఉంచుతుంది. తల్లి విరిగిన పాలు వడ్డిస్తుంది. అవమానంతో రగిలిన ఖడ్గతిక్కన తిరిగి రణానికి వెళ్లి వీరమరణం పొందుతాడు. ఆ తర్వాతి పోరులో ఇరువైపులా వీరులు నేలకొరుగుతారు. గొల్లల తరఫున పాడిన ఈ గాథ శత్రుపక్షపు ఖడ్గతిక్కన శౌర్యాన్నీ అంతే గౌరవంతో చెప్పడం దీని ఔన్నత్యం.

చారిత్రక నేపథ్యం

ఖడ్గతిక్కన, ఆంధ్ర మహాభారతంలో 15 పర్వాలు రచించిన తిక్కన సోమయాజికి జ్ఞాతి సోదరుడు. తిక్కన నిర్వచనోత్తర రామాయణం అంకితం పొందిన, నల్లసిద్ధి వంశానికే చెందిన మనుమసిద్ధి 13వ శతాబ్ది మధ్యభాగంలో నెల్లూరును ఏలాడు. మనుమసిద్ధి రాజ్యం కోల్పోయినప్పుడు తిక్కన ఓరుగల్లు వెళ్లి కాకతీయ గణపతిదేవుని సాయం కోరాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. ఈ సంబంధాల ఆధారంగా కాటమరాజు పోరును చరిత్రకారులు 13వ శతాబ్దిలో ఉంచుతారు. చిలుక, బొల్లావు కథకుల కల్పన కావచ్చు. పచ్చిక మీద పన్ను, కరువు వలస, రాజుకూ మందకాపరికీ మధ్య ఒడంబడిక ఆ కాలపు వాస్తవాలు.

తిక్కన భారత రచన విరాటపర్వంతో మొదలవుతుంది. ఆ పర్వపు పతాక ఘట్టాలు దక్షిణ, ఉత్తర గోగ్రహణాలు, అంటే పశువులను పట్టుకుపోవడానికి జరిగిన దాడులు. విరాటుని కొలువులో సహదేవుడు గోసంరక్షకుడు. మందల కోసం కత్తులు దూసిన సీమలోని శ్రోతలకు అది పురాణం మాత్రమే కాదు, ఇంటి వార్త కూడా. ఐర్లండు ప్రాచీన వీరగాథ తాయిన్ బో కూలీ సైతం ఒక ఆబోతు కోసం జరిగిన దండయాత్ర కథే. పశువే సంపద అయిన పలు సమాజాలు ఇలాంటి గాథలను కన్నాయి.

రాజు నుంచి సంపదకు రక్షణ దొరకని సమస్య ఆ రోజుల్లో తీరంలోనూ ఉండేది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయశాసనం వేయించి, ఇకపై సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు మాట ఇచ్చాడు. ఓడ సరుకుకు దొరికిన ఆ అభయం ఆలమందకు దొరకలేదు. కాటమరాజు నల్లసిద్ధిని అడిగింది సరిగ్గా అదే: పన్ను తీసుకునేవాడు రక్షణ ఇవ్వాలి.

కడప సీమతో సంబంధం

నెల్లూరు చోడులు తమను కరికాల చోళుని సంతతిగా చెప్పుకున్నారు. మధురాంతక పొత్తపి చోడ అన్న బిరుదు ధరించారు. ఆ పొత్తపి నందలూరు సమీపంలో ఉంది. వీరికి ముందే ఇదే సీమలో రేనాటి చోళులు పాలించారు. వారి కలమళ్ల శాసనం సుమారు 575 నాటిది, తొలి తెలుగు శాసనాల్లో ఒకటి. సిద్ధవటం దాటిన పెన్న కొండలను చీల్చుకుని నెల్లూరు మైదానంలోకి దిగుతుంది. మెట్ట సీమకూ తీరానికీ ఆ నదే బంధం.

ఆలమందల కోసం పోరాడి మరణించినవారికి నిలిపిన వీరగల్లులు రాయలసీమ పల్లెల్లో ఉన్నాయి. ఒంటిమిట్ట కోదండరామాలయ స్థలగాథ కూడా ఈ నేపథ్యాన్నే సూచిస్తుంది. ఒంటుడు, మిట్టుడు అనే బోయలు దోపిడీ మాని రామసేవకులయ్యారనీ, ఊరి పేరు వారిదేననీ జనశ్రుతి. దారి కొట్టినవాడే దారికాపు కావడం, పశువుల కాపరే యోధుడు కావడం వానలు తక్కువైన ఈ నేల మీద తరచు వినిపించే కథ.

గాయకులు, సేకరణ

కాటమరాజు కథలను కాపాడినవారిలో కొమ్ములవారు ముఖ్యులు. కొమ్ము ఊదుతూ గొల్లల పండుగల్లో వీరు కథ పాడతారు. మందహెచ్చులవారు కొయ్యబొమ్మలు చూపుతూ కథ చెబుతారు. గొల్లలు ఈ కళాకారులకు సంప్రదాయంగా ధాన్యం, గొర్రెలు ఇచ్చి పోషించారు. తంగిరాల వెంకట సుబ్బారావు తాళపత్రాలు, గాయకుల పాఠాలు సేకరించి పరిష్కరించగా, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1970వ దశకంలో కాటమరాజు కథలను సంపుటాలుగా ప్రచురించింది. గాయకుల నోటా తాళపత్రాల్లోనూ ఉన్న ఒక మహాగాథ ఈ కృషి వల్ల అచ్చులో నిలిచింది.

ప్రాముఖ్యం

శాసనాలు రాజుల దానాలనూ విజయాలనూ చెబుతాయి. కాటమరాజు కథ పన్ను కట్టే కాపరి వైపు నుంచి మాట్లాడుతుంది. కరువులో మేత ఎవరిది, దాని మీద పన్ను ఎవరికి, ఆ పన్నుకు బదులుగా రాజు చేయవలసింది ఏమిటి అని సూటిగా అడుగుతుంది. రాయలసీమ గొర్రెలకాపరులు మేత కోసం ఊళ్లు దాటి మందలు తోలుకుపోవడం నేటికీ ఆగలేదు. ఈ గాథను పూర్తిగా పాడగల గాయకులు మాత్రం తగ్గిపోతున్నారు. అచ్చయిన సంపుటాలు పాఠాన్ని కాపాడాయి. గొంతును, రాగాన్ని, కొమ్ము మోతను కాపాడాలంటే మిగిలిన గాయకుల చేత కథను పూర్తిగా పాడించి, నమోదు చేసి, వారికి గౌరవంగా బతికే ఆధారం కల్పించాలి.