ఆడలేక మద్దెల ఓడా? మద్దెలే వేరా?

ఈసారి ఊరగాయల గురించి కాదు, అత్తగారి కబుర్లూ కాదు. ఫుట్‌బాల్ వీడియో గేమ్ చరిత్ర రాస్తున్నాను. నవ్వకండి. ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలున్న వాళ్లకి ఇది వంటింటి విషయమే. నాకైతే మా పాపని అనవసరంగా అన్న ఒక మాట వల్ల తెలిసింది.

మేముండేది డొంకరాయిలో, క్వార్టర్స్‌లో. సీలేరు నది మీద డ్యామూ, దాని కింద 25 మెగావాట్ల పవర్ హౌసూ, చుట్టూ కొండలూ. మావారి ఉద్యోగం అక్కడే. సాయంత్రం అయిదయ్యేసరికి కొండ నీడ పెరట్లోకి వచ్చేస్తుంది. వానాకాలం పిల్లలకి బయట ఆట ఉండదు. అందుకని లాక్‌డౌన్‌లో పాఠాల కోసం కొన్న కంప్యూటరే తర్వాత మా పాపకి మైదానం అయింది. ఫిఫా 22 అనే ఆట కావాలంది. అది 50 జీబీ. మా దగ్గర నెట్‌తో అది దిగేసరికి మళ్లీ వానాకాలం వస్తుంది. మావారు సీపీయూ డబ్బాని దుప్పట్లో చుట్టి, సీలేరు, చింతపల్లి, నర్సీపట్నం మీదుగా విశాఖలో మా అక్క వాళ్లింటికి తీసుకెళ్లి, అక్కడ దింపించి తెచ్చారు. పెళ్లికూతుర్ని తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చారు.

ఆ ఆటలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఉందని మా పాప ఎగిరి గంతేసింది. మన ఇండియన్ సూపర్ లీగ్ ఫిఫా 22లో చేరింది. 2022 మార్చిలో ఆ లీగ్ కప్పు గెలిచింది కూడా హైదరాబాదే. తెలుగు నేలకి ఫుట్‌బాల్ కొత్తేమీ కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు మనిషే. 1962 ఏషియన్ గేమ్స్ బంగారు పతకం కూడా ఆయన చేతి మీదుగానే వచ్చింది. ఇవేవీ మా పాపకి తెలియవు. హైదరాబాద్ జట్టుతో ఆడి పెద్ద పెద్ద జట్లని ఓడించడమే దానికి తెలుసు.

2022 మే నెలలో సెలవులకి విశాఖ వెళ్లాం. మా ఊరు తూర్పు గోదావరి నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చి అప్పటికి నెల దాటిందంతే. అక్క కొడుకు దగ్గర ప్లేస్టేషన్ 5 ఉంది. ఆటా అదే, ఫిఫా 22. అన్నాచెల్లెళ్లిద్దరూ కూర్చున్నారు. వరసగా అయిదాటలు, అయిదూ మా పాపే ఓడింది. ఆఖరి ఆటలో ఒక్క గోలూ కొట్టలేకపోయింది. కళ్లనీళ్లు పెట్టుకుని నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఇది మన ఆట కాదమ్మా. వాళ్లు ఆలస్యంగా తిరుగుతున్నారు. బంతి కాలికి వేరేలా తగులుతోంది" అంది.

అందరి ముందూ నేనన్న మాట: "ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట నీలాంటివాడే!"

అందరూ నవ్వారు. అది నవ్వలేదు. ఊరొచ్చాక ఆ ఆట జోలికి పోలేదు. అంతకుముందు స్కూల్లో జరిగిందంతా నా వెనకాలే తిరుగుతూ చెప్పే పిల్ల, అడిగితే తప్ప చెప్పడం మానేసింది. వయసు మహిమ అనుకున్నాను.

దసరాకి అక్క కొడుకు ఫోన్ చేసి, "పిన్నీ, చెల్లికి చెప్పు. కొత్తగా వచ్చిన ఫిఫా 23లో కంప్యూటర్‌కి కూడా మాకిచ్చిన ఆటే ఇచ్చారు" అన్నాడు.

"అదేమిట్రా, ఇన్నాళ్లూ ఇవ్వలేదా?" అన్నాను.

"లేదు పిన్నీ. 22లో కంప్యూటర్‌కిచ్చింది పాతదే. పేరొక్కటే ఒకటి."

చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత వాడు చెప్పినవీ, నేను చదివి సరిచూసుకున్నవీ కలిపి చూస్తే ఇది పెద్ద కథే. డిగ్రీలో కన్యాశుల్కం చదివిన వాళ్లకి సులువుగా అర్థమవుతుంది. గురజాడ వారి నాటకం 1897లో ఒకసారి అచ్చయింది, బాగా పెంచి మార్చి రాశాక 1909లో మళ్లీ అచ్చయింది. అట్ట మీద పేరు ఒకటే. మనమంతా మురిసిపోయే మధురవాణి రెండో కూర్పులోనే ఆ మధురవాణి అయింది. మొదటి కూర్పు చదివిన వాడూ రెండోది చదివిన వాడూ వాదించుకుంటే ఇద్దరూ కన్యాశుల్కమే చదివామంటారు. ఇద్దరిదీ నిజమే. ఈ ఆట విషయంలోనూ జరిగింది అదే, కాకపోతే రెండు కూర్పులూ ఒకే రోజు ఒకే పేరుతో బజార్లోకి వచ్చాయి.

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే అమెరికా సంస్థ మొదటి ఫిఫా ఆటని 1993 డిసెంబర్‌లో సెగా మెగా డ్రైవ్ అనే టీవీకి తగిలించే పెట్టెకి తెచ్చింది. టీవీకి తగిలించే ఆటపెట్టెనే కన్సోల్ అంటారు. కంప్యూటర్‌కి ఆ ఆట 1994లో వచ్చింది. అందులో అసలు ఆటగాళ్ల పేర్లు కూడా లేవు, అన్నీ కల్పించిన పేర్లే. నిజం పేర్లు 1995లో వచ్చిన ఫిఫా 96తో మొదలయ్యాయి. ఆ ఏడాదే మొదటి తేడా కూడా వచ్చింది. కొత్త ప్లేస్టేషన్‌కీ కంప్యూటర్‌కీ మైదానం లోతుగా, అసలు స్టేడియంలా కనిపించింది. పాత మెగా డ్రైవ్ ఉన్న పిల్లలకి మాత్రం మునుపటి ఏటవాలు బొమ్మే. గమనించారా, అప్పుడు కంప్యూటర్ ముందు వరసలో ఉంది. వెనకబడింది పాత పెట్టె.

తర్వాత పదేళ్లకి వరస తిరగబడింది. 2006లో ఫిఫా 07ని ఎక్స్‌బాక్స్ 360 కోసం కొత్తగా కట్టారు. కంప్యూటర్‌కి పాత పునాది మీదే రంగులు వేసి ఇచ్చారు. ఫిఫా 08, 09, 10 కూడా అంతే. ఏటా కొత్త అంకె, కొత్త బట్టలు, లోపల పాత మనిషి. 2010లో ఫిఫా 11తో గానీ కంప్యూటర్‌కి కన్సోల్ ఆట అందలేదు. మూడేళ్లు సమానంగా నడిచి 2013లో మళ్లీ తేడా. ఫిఫా 14లో ప్లేస్టేషన్ 4కి కొత్త ఇంజన్, కంప్యూటర్‌కి పాతది. మరుసటి ఏడు సరిచేశారు. మూడోసారి 2020 చివర్లో, ప్లేస్టేషన్ 5 వచ్చాక. ఫిఫా 21, ఫిఫా 22 రెండిట్లోనూ కంప్యూటర్‌కి దక్కింది ప్లేస్టేషన్ 4 వాళ్ల ఆటే.

ఎందుకిలా? ఇది మనకి వంటింటి లెక్కతో తేలిగ్గా తెలుస్తుంది. కన్సోల్ అంటే ఊరంతా ఒకే కంపెనీ స్టవ్వూ, ఒకే కుక్కరూ ఉన్నట్టు. ఎన్ని విజిల్స్ రావాలో ఒకసారి రాస్తే అందరికీ సరిపోతుంది. కంప్యూటర్లు అలా కాదు. ఒకరింట్లో కట్టెల పొయ్యి, ఒకరింట్లో గ్యాసు, ఇంకొకరింట్లో ఇండక్షన్. రాసేవాడు బలహీనమైన పొయ్యిని దృష్టిలో పెట్టుకుని రాయాలి. ఎక్కువమంది కంప్యూటర్లు కొత్త ఆటని మోయలేవన్నదే సంస్థ చెప్పిన కారణం. అబద్ధమనలేం. కానీ మోయగలిగిన కంప్యూటర్ కొనుక్కున్న వాడికీ పాతదే ఇచ్చారు. ఇచ్చినదాన్ని కొత్త పేరుతోనే అమ్మారు. నాకు గుచ్చుకున్నది అదే. చిన్నపిల్లకి అక్క గౌను వేయడం తప్పు కాదు, ప్రతి ఇంట్లోనూ జరిగేదే. కొత్త గౌనని చెప్పి వేయడం తప్పు.

ఇక మా పాపని ఓడించిన ఫిఫా 22 సంగతి. ప్లేస్టేషన్ 5 ఆటలో హైపర్‌మోషన్ అనే కొత్త పద్ధతి పెట్టారు. ఒంటికి సెన్సర్లున్న బట్టలు వేసిన 22 మంది అసలు ఆటగాళ్ల చేత నిజం మ్యాచ్ ఆడించి, వాళ్ల కదలికలన్నీ నమోదు చేశారు. దాన్నుంచి నాలుగు వేలకి పైగా కొత్త కదలికలు పుట్టాయి. బంతిని ఛాతీతో ఆపడం, ఇద్దరు భుజాలు ఒరుసుకుని ఎగరడం, జట్టు మొత్తం కలిసి వెనక్కి జరగడం, అన్నీ మారాయి. కంప్యూటర్ ఆటలో అవేవీ లేవు. "ఆలస్యంగా తిరుగుతున్నారు" అన్న మా పాప ఆ తేడాని తన వేళ్లతో పట్టుకుంది. పదమూడేళ్ల పిల్లకి దాన్ని ఏమనాలో తెలియలేదు, అంతే.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంట్లో అది కీబోర్డు మీద ఆడుతుంది, అక్కడ చేతికిచ్చింది గేమ్‌ప్యాడ్. తేడా అంతా కంపెనీ వల్లే అనను. మా అక్క కొడుకు బాగా ఆడతాడు కూడా.

కంప్యూటర్ ఆటకి దాని గొప్పలు దానికున్నాయి. కన్సోల్‌లో సంస్థ ఇచ్చిందే ప్రసాదం. కంప్యూటర్‌లోనైతే తెలిసిన కుర్రాళ్లు కొత్త చొక్కాలూ, మొహాలూ, స్టేడియాలూ తయారుచేసి పాత ఆటలోకి ఎక్కించేస్తారు. వాటిని మాడ్స్ అంటారు. మన ఆడవాళ్లు పాత పట్టుచీరకి కొత్త అంచు వేయించుకున్నట్టు. అలా ఎన్నో ఏళ్ల నాటి ఆటలు ఇప్పటికీ బతికే ఉన్నాయి. పైగా అదే డబ్బాలో హోంవర్కూ అవుతుంది, నా ఈ రాతా అవుతుంది.

ఇవన్నీ చదువుతుంటే ఇంకో సంగతి కనిపించి ఆగిపోయాను. కన్సోలా కంప్యూటరా అని ఇంత తేడా చూపించిన ఈ ఆటలో, చాలా ఏళ్లు అన్ని పెట్టెల్లోనూ సమానంగా లేనివాళ్లు ఒకరున్నారు. ఆడవాళ్లు. 1993లో మొదలైన ఆటలోకి మహిళల జట్లు వచ్చింది 2015లో, ఫిఫా 16లో. 22 ఏళ్లు! అదీ 12 దేశాల జట్లే. మన దేశం లేదు. మహిళల క్లబ్బు జట్లు ఫిఫా 23తో వచ్చాయి. ప్రపంచమంతటా అమ్మిన అట్ట మీద ఒక మహిళ, ఆస్ట్రేలియా క్రీడాకారిణి శామ్ కెర్, కనిపించింది కూడా అప్పుడే. అదే 2022లో మన నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకి ఆడటానికి వెళ్లింది. తండాలో పుట్టిన పిల్ల. ఆటలో లేకపోయినా మైదానంలో ఉంది. ఈ సంగతి మా పాపకి చదివి వినిపించాను.

దానికి ముందే చెప్పాల్సింది చెప్పాను. అది మంచం మీద పడుకుని చదువుకుంటోంది. పక్కన కూర్చుని, "నువ్వు మేలో చెప్పింది నిజమేనే. అది మన ఆట కాదు. నేనే తెలుసుకోకుండా నవ్వాను" అన్నాను. పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "నాకు తెలుసుగా అమ్మా" అంది. కాసేపయ్యాక, "అందరి ముందూ అన్నావు" అంది. ఆటలో ఓడినందుకు కాదన్నమాట. ఐదు నెలలు అది మోసింది ఆ నవ్వుల్ని.

ఫిఫా 23 కొందామా అన్నాను. అందులో కంప్యూటర్ వాళ్లూ ప్లేస్టేషన్ 5 వాళ్లూ ఆన్‌లైన్‌లో ఒకరితో ఒకరు ఆడుకోవచ్చు కూడా. కానీ అది 100 జీబీ, మా డబ్బాకి అంత శక్తి లేదు. సమానంగా ఇవ్వడం మొదలుపెట్టేసరికి మా పొయ్యి పాతదైపోయింది. వద్దులే, 22 చాలు అంది మా పాప. ఆ తర్వాత ఏడాది ఫిఫా పేరే పోయి, 2023 సెప్టెంబర్‌లో ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24 అయింది. ఈసారి పేరు మారి ఆట మిగిలింది.

ఆ మధ్యలో సంక్రాంతికి అక్క వాళ్లు డొంకరాయి వచ్చారు. అక్క కొడుకు మా కంప్యూటర్ ముందు కూర్చుని హైదరాబాద్‌తో ఆడుతున్న మా పాప చేతిలో 4-1 తేడాతో ఓడాడు. "ఈ కీబోర్డేంటే, ఈ పరుగులేంటే, ఇది మా ఆట కాదు" అని గోల. వంటింట్లో అరిసెలు ఒత్తుతున్న మా అక్క అక్కణ్నించే, "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట!" అంది.

మా పాప నా వంక చూసింది. నేను అక్కతో, "అలా అనకే, వాడు చెప్పేది నిజం. మద్దెలే వేరు" అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఇంకో ఆట వేద్దాం రా అని మా పాప కుర్చీ పక్కకి జరిపి, ఏ కీ ఎందుకో వాడికి చూపించడం మొదలుపెట్టింది. అరిసెలు మాడుతున్నాయని అక్క కేకేస్తే నేను లోపలికెళ్లాను.

మీ ఇంట్లో పిల్లలు ఓడిపోయి వచ్చి వింత కారణం చెబితే ఒక్క నిమిషం వినండి. అబద్ధమే కావచ్చు. కానీ విన్నాక తేల్చుకోవచ్చు కదా.