సుదూర గ్రహముల రేడియో వాణి

1955వ సంవత్సరమున అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమున, సెనెకా అను గ్రామసమీపములోని ఒక పొలమునందు బెర్నార్డ్ బర్క్, కెనెత్ ఫ్రాంక్లిన్ అను ఇరువురు యువశాస్త్రజ్ఞులు ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగములను నమోదు చేయుచుండిరి. వారు పరిశీలింప దలచినది వృషభరాశిలోని కర్కట నీహారిక. కాని కాగితముపై సాగుచున్న రేఖ అప్పుడప్పుడు ఉన్నట్లుండి ఎగసిపడుచుండెను. దాపున పోవు ఏ మోటారుబండి వలననో అట్లు జరుగుచున్నదని మొదట తలచిరి. ఆ అలజడి ఆకాశమున ఇంచుమించు ఒకే తావునుండి వచ్చుచుండుట గమనించి, ఆ తావున ఏమున్నదని వెదకగా, అచ్చట ఉన్నది గురుగ్రహమని తేలెను.

ఈ వార్త విని ఆస్ట్రేలియాలో షెయిన్ అను శాస్త్రజ్ఞుడు పాత నమోదులను వెలికితీసెను. 1950, 1951 నాటి కాగితములలోనే గురుగ్రహ తరంగములు పడియుండెను. భూమిపై పుట్టిన రొద యని భావించి వానిని ఆనాడు ప్రక్కన పెట్టియుండిరి. వినవచ్చిన దానిని వినలేదనుకొనుట ఈ విద్యలోని మొదటి ప్రమాదము. రెండవ ప్రమాదము దీనికి విరుద్ధమైనది. వినరాని దానిని విన్నామనుకొనుటయే అది. సుదూర గ్రహముల అన్వేషణ చరిత్ర ఈ రెండింటి నడుమ నడచినది.

గ్రహము రేడియో తరంగములను వెలువరించుటకు దాని అయస్కాంత క్షేత్రము మూలము. అతివేగముగా పోవు ఎలక్ట్రానులు ఆ క్షేత్రరేఖల చుట్టును తిరుగుచు తరంగములను వెడలగ్రక్కును. క్షేత్రబలము ఒక్కొక్క గాస్‌కు 2.8 మెగాహెర్ట్జుల చొప్పున వాని పౌనఃపున్యము పెరుగును. గురుగ్రహ తరంగములు 40 మెగాహెర్ట్జుల కడ ఆగిపోవును గనుక, అచ్చటి క్షేత్రము సుమారు 14 గాస్‌లని గ్రహింపవచ్చును. భూమియు ఇట్టి తరంగములను వెలువరించును. కాని అవి అల్ప పౌనఃపున్యము గలవి. మన వాతావరణపు పైపొరయైన అయనమండలము సుమారు 10 మెగాహెర్ట్జులకు తక్కువైన వానిని దాటనీయదు. కనుక మరియొక నక్షత్రము చుట్టును భూమి వంటి గ్రహమున్నను దాని పలుకు నేలపైనున్న ఏ దూరదర్శినికిని అందదు. బలమైన క్షేత్రము గల మహాగ్రహముల పలుకే ఇచ్చటినుండి వినుటకు అవకాశము కలదు.

1977లో యాంటిస్, సలివాన్, ఎరిక్సన్ అనువారు ఇట్టి అన్వేషణ చేసిరి. సూర్యుని వంటి అన్య నక్షత్రమునకు గ్రహమున్నదని అప్పటికి ఎవరును నిరూపింపలేదు. ఆ నిరూపణము 1995లో మేయర్, క్వెలోజ్ అనువారి వలన జరిగెను. వారు కనుగొనిన గ్రహము తన నక్షత్రమును నాలుగు దినములకొకమారు చుట్టివచ్చునంత దగ్గరగా నుండెను. నక్షత్రమునకు అంత చేరువనున్న మహాగ్రహముపై కణప్రవాహము మిక్కిలి తీవ్రముగా తాకును గనుక, దాని పలుకును తీవ్రముగా నుండునని ఆశ కలిగెను.

ఈ ఆశకు భారతదేశమును ఒక వేదిక అయ్యెను. పుణెకు ఉత్తరముగా, ఖోడద్ గ్రామముకడ, గోవింద్ స్వరూప్ నాయకత్వమున టాటా మౌలిక పరిశోధన సంస్థవారు ఒక మహాయంత్రమును నిర్మించిరి. 45 మీటర్ల వెడల్పు గల 30 పళ్ళెములు సుమారు 25 కిలోమీటర్ల మేర వ్యాపించియున్నవి. మీటరు ప్రమాణపు తరంగములకు నున్నని లోహపు రేకు అవసరము లేదు. అందుచేత సన్నని ఉక్కుతీగెల వలను ఉక్కుత్రాళ్ళపై బిగించి పళ్ళెములను తేలికగా, తక్కువ వ్యయముతో చేసిరి.

2009లో ఫ్రెంచి, భారతీయ శాస్త్రజ్ఞులు ఈ యంత్రమును హంస రాశిలోని హాట్-పి-11 అను నక్షత్రమువైపు త్రిప్పిరి. దాని గ్రహము వరుణగ్రహము వంటిది. అది నక్షత్రము మాటునకు పోవువేళ కొరకు వారు కాచియుండిరి. గ్రహము మరుగైనపుడు తరంగములు ఆగి, వెలికి వచ్చినపుడు మరల కనబడినచో, అవి గ్రహమువే యని చెప్పుటకు ఆధారము చిక్కును. 150 మెగాహెర్ట్జుల కడ ఒక బలహీనమైన సంకేతము కనబడెను. గ్రహము మాటుకాగానే అది మాయమయ్యెను! అది నిజమైనచో ఆ గ్రహమునకు సుమారు 50 గాస్‌ల క్షేత్రము ఉండవలెను.

2010లో మరల చూచిరి. ఏమియు కనబడలేదు. గ్రహపు పలుకు ఎల్లవేళల ఒకే తీరున ఉండదు గనుక మొదటిది అబద్ధమనుటకును వీలులేదు. రెండవమారు కనబడలేదు గనుక నిజమనుటకును వీలులేదు. 2013లో ఫలితమును ప్రకటించినపుడు వారు దానిని 'సూచన' అని మాత్రమే పేర్కొనిరి. కీర్తిని కోరినవారు మొదటి రాత్రితోనే ఆగియుందురు.

2021లో ఐరోపాలోని లోఫార్ యంత్రముతో టావ్ బూటిస్ నక్షత్రము కడనుండి ఇట్టి సంకేతమే కనబడినట్లు ప్రకటింపబడినది. అటుతరువాతి పరిశీలనలు దానిని ధ్రువపరుపలేదు. సందేహమునకు తావులేక నిర్ధారితమైన అన్యగ్రహవాణి ఇంతవరకు ఒక్కటియు లేదు. అయినను ఈ శ్రమ వ్యర్థము కాదు. ఏ నక్షత్రము కడ, ఏ పౌనఃపున్యమున, ఎంత బలము వరకు నిశ్శబ్దమో ప్రతి ప్రయత్నమును ఒక హద్దు గీయుచున్నది. సెనెకా పొలములోని ఆ గీత కూడ మొదట రొదయే గదా! రొదను త్రోసివేయక, ఆశను నమ్మక, మరియొక రాత్రి మేలుకొని చూచువారికే ఆ పలుకు ఒకనాడు చిక్కవలసియున్నది.