గ్రంథచౌర్యం: సింగరేణి ప్రాంత విద్యార్థి రచనలు

ఇతరుల వాక్యాలను, లెక్కలను, పటాలను, ఆలోచనలను ఎవరివో చెప్పకుండా తనవిగా చూపుకోవడం గ్రంథచౌర్యం. దీన్ని అరికట్టడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో నిబంధనలు తెచ్చింది. సిద్ధాంత గ్రంథంలో ఇతర రచనలతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 40 శాతం వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది ఇవ్వాలి. 60 శాతం వరకైతే సవరించిన ప్రతిని ఏడాదిపాటు తీసుకోరు. అది కూడా దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు ఈ లెక్కలోకి రావు.

ఈ నిబంధనలు పీజీ, పరిశోధన స్థాయి రచనలకు, ప్రచురణలకు మాత్రమే వర్తిస్తాయి. అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు వీటి పరిధిలో లేవు. మంచిర్యాల జిల్లాలోని రామకృష్ణాపూర్ వంటి బొగ్గు పట్టణాల డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులు ఎక్కువగా రాసేది అవే. సీనియర్ రిపోర్టును మక్కికి మక్కి దించి, పేరూ హాల్‌టికెట్ నంబరూ మార్చి స్పైరల్ బైండింగ్ చేయిస్తే పట్టుకోవాల్సింది అధ్యాపకుడి కన్నే. మూలం చెప్పకుండా ఇంగ్లిష్ పేరాను తెలుగులోకి మార్చుకున్నా అది చౌర్యమే. పదాలను పోల్చి చూసే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది అంత సులువుగా దొరకదు.

ప్రతి సంగతికీ మూలం చెప్పనక్కర్లేదు. 1871లో ఇల్లెందు ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు కనుగొన్నాడన్నది, సింగరేణి బొగ్గు సంస్థలో తెలంగాణ రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉందన్నది అందరికీ తెలిసినవే. ఉత్పత్తి లెక్క అలాంటిది కాదు. అది ఏటా మారుతుంది కాబట్టి ఏ ఆర్థిక సంవత్సరానిదో, ఏ వార్షిక నివేదికలోదో రాయకపోతే ఆ అంకె ఎవరికీ పనికిరాదు.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యే మూలం మనిషి. బొగ్గు బాయిలో (గనిలో) దిగి పనిచేసి రిటైరైన కార్మికుడు తట్టా చెమ్మస్ (గంప, పారతో బొగ్గు ఎత్తే) పని గురించో, పైకప్పు చప్పుడును బట్టి ప్రమాదాన్ని పసిగట్టడం గురించో చెప్పింది చాలావరకు ఏ పుస్తకంలోనూ ఉండదు. దాన్ని ‘పరిశీలనలో తేలింది’ అని రాస్తే, ఆ జ్ఞానాన్ని ఒంటి కష్టంతో సంపాదించిన మనిషి పేరు చెరిపేసినట్టే. పుస్తకం నుంచి దొంగిలించడం కన్నా ఇది పెద్ద తప్పు. పుస్తక రచయిత ఎప్పుడో ఒకప్పుడు బయటపడతాడు, ఈయన బయటపడే దారి లేదు. సరైన పద్ధతి ఏమిటంటే, చెప్పిన వ్యక్తి పేరు, చేసిన పని, ఊరు, మాట్లాడిన తేదీ ఆయన అనుమతితో అధోజ్ఞాపికలో ఇవ్వాలి. పేరు వద్దంటే హోదా, గని, పనిచేసిన కాలం రాయవచ్చు.