మాను

గాయం మానింది. తాగుడు మానాడు. ఒకే క్రియ, మొదటి వాక్యంలో నయం కావడం, రెండో దాంట్లో విడిచిపెట్టడం. బాధ ఆగితే నయమైనట్టే అని మన పెద్దలకు తోచి ఉండాలి. ఒంటి గాయం వరకూ అది నిజమే. మనసుకు తగిలిన గాయం దగ్గరే ఈ మాట మనల్ని మోసం చేస్తుంది. ‘ఏడుపు మానిందిలే, మరిచిపోయింది’ అని పిల్లల గురించి ఎంత తేలిగ్గా అనేస్తాం! మానింది ఏడుపే, గాయం కాదు.

అమెరికన్ రచయిత్రి లారీ హాల్స్ ఆండర్సన్ 1999లో కౌమార పాఠకుల కోసం రాసిన ‘స్పీక్’ నవల అంతా ఈ రెండు అర్థాల మధ్య ఉన్న ఎడమే. మెలిండా సోర్డినో తొమ్మిదో తరగతిలో చేరడానికి ముందు వేసవిలో, ఒక పార్టీలో, పై తరగతి కుర్రాడు ఆమెపై అత్యాచారం చేస్తాడు. అత్యవసర నంబరు 911కు ఫోన్ చేస్తుంది, నోరు పెగలదు. పోలీసులు వచ్చి పార్టీ ఆగిపోతుంది. బడి మొత్తం ఆమెను వెలివేస్తుంది. ఎందుకు ఫోన్ చేశావని అడిగే దిక్కు లేదు. పెదవులు పుండ్లు పడేలా కొరుక్కుంటూ, మెల్లమెల్లగా మాట్లాడటమే మానేస్తుంది. ఆ ఇంట్లో తల్లిదండ్రులూ కూతురూ మాట్లాడుకునేది వంటింట్లో వదిలే చీటీలతోనే. మార్కులు పడిపోతే వాళ్లకు కనిపించింది మొండితనం. సోర్డినో అన్న ఇంటిపేరు కూడా ఊరికే పెట్టింది కాదు: వాయిద్యం గొంతు తగ్గించే సాధనానికి ఇటాలియన్ భాషలో అదే పేరు.

ఆ పార్టీ రాత్రి మెలిండాకు జరిగినదానికి తెలుగులో సరిపోయే మాట మ్రాన్పడటం. మ్రాను అంటే చెట్టు. మ్రాన్పడటమంటే కొయ్యబారి, కదలకుండా నిలిచిపోవడం. పారిపోలేక, అరవలేక ఒళ్లు బిగుసుకుపోవడం పిరికితనం కాదని, ఆపదలో శరీరం తనంతట తాను చేసే పని అని ఇప్పుడు మానసిక వైద్యులు చెబుతున్నారు. ‘అరవలేదేం?’ అని నిలదీసేవాళ్లకు జవాబు మన పాత మాటలోనే ఉంది.

ఈ మ్రానే రకారం జారిపోయి మానైంది. రాయలసీమలో చింతమాను, వేపమాను అని ఇప్పటికీ అంటారు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉండనే ఉంది. విజయనగరంలో పైడితల్లి జాతరకు సిరిమాను. క్రియ మాను వేరు, ఈ మాను వేరు. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయని నేననను. కానీ ‘స్పీక్’ చదివే తెలుగువాడికి రెండూ కలిసే వినిపిస్తాయి. బొమ్మల మాస్టారు ఫ్రీమన్ చీటీ తీయమంటే మెలిండాకు వచ్చిన మాట ‘చెట్టు’. ఏడాదంతా దాని మీదే పని చేయాలి. లినోలియం పలక మీద చెక్కుతుంది, గీస్తుంది, ఏదీ ప్రాణమున్న చెట్టులా రాదు. వసంతంలో వాళ్ల ఇంటి దగ్గరి ఓక్ చెట్టుకు రోగం తగిలిన కొమ్మలు నరికిస్తుంటే, చెట్టును చంపేస్తున్నారేమో అని ఒక పిల్లవాడు అడుగుతాడు. కాదు, బతికిస్తున్నాం అంటాడు మెలిండా తండ్రి. పక్కనే ఉన్న కూతురి గురించి ఆయనకు ఇంకా ఏమీ తెలియదు. నవలలో నన్ను ఎక్కువగా కలచివేసిన చోటు అదే.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటాం. ఆ సామెత మొక్కను వంచడం గురించే ఆలోచించింది, మొక్కగా ఉండగా విరిగినదాని గురించి కాదు.

మాను క్రియకు మాన్పు అనే ప్రేరణ రూపం ఉంది. మాన్పడానికి ఇంకొకరు కావాలి. బడి మరుగుదొడ్డి గోడ మీద మెలిండా ఆ కుర్రాడి పేరు రాసి జాగ్రత్త చెబుతుంది. కొన్నాళ్లకు దాని కింద ఇతర అమ్మాయిల రాతలు చేరతాయి. తను ఒంటరి కాదని ఆమెకు తెలిసింది అక్కడే. ఆ అమ్మాయిల్లాగే ఆండర్సన్ కూడా, తనకు 13వ ఏట జరిగిన అత్యాచారం గురించి 2019లో ‘షౌట్’ అనే కవితారూప జ్ఞాపకాల్లో రాశారు.

గలగలా మాట్లాడే పిల్లో పిల్లాడో ఉన్నట్టుండి మాటలు మానేస్తే, వయసు పొగరని కొట్టిపారేయకండి. పక్కన కూర్చుని అడగండి. చెప్పింది నమ్మండి. మన దేశంలో పిల్లల హెల్ప్‌లైన్ 1098. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పిల్లలు తామే ఫోన్ చేయవచ్చు. ఆ నంబరు వాళ్లకు కంఠతా వచ్చేలా నేర్పండి.