గళ్ల బట్ట చెప్పేది వంశమా, ఊరా? స్కాట్లాండ్ టార్టన్ల కథ

కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

ఆగస్టు 9 దగ్గర పడితే చాలు, "మన అసలు డ్రెస్ ఏది? ఇది మనదేనా, మధ్యలో వచ్చిందా?" అనే వాదన మనలో మొదలవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు స్కాట్లాండ్ వాళ్ళ పేరు ఎత్తుతారు. వాళ్ళకు ఒక్కో వంశానికి ఒక్కో గళ్ల బట్ట ఉందనీ, వేల ఏళ్ళుగా దాన్ని మార్చకుండా కట్టుకుంటున్నారనీ చెప్తారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. చదివితే కథ వేరేగా ఉంది.

ముందు బట్ట సంగతి. టార్టన్ అంటే రంగు దారాల వరసతో నేసే గళ్ల ఉన్ని బట్ట. పడుగులో ఏ రంగు ఎన్ని దారాలో, మామూలుగా పేకలోనూ అదే లెక్క. ఆ లెక్కనే వాళ్ళు 'సెట్' అంటారు. ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే కిల్ట్ తర్వాత వచ్చింది. పాతరోజుల్లో హైలాండ్స్ కొండల్లో మగవాళ్ళు మన గొంగడి లాంటి పెద్ద దుప్పటిని నడుము చుట్టూ కుచ్చిళ్ళు పెట్టి బెల్టు బిగించి, మిగిలింది భుజం మీద వేసుకునేవాళ్ళు. రాత్రయితే అదే కప్పుకుని పడుకునేవాళ్ళు.

బట్ట పాతదే, అందులో అనుమానం లేదు. ఫాల్‌కిర్క్ అనే ఊరి దగ్గర రోమన్ వెండి నాణేల కుండతో పాటు చిన్న గళ్ల ముక్క ఒకటి దొరికింది. అది మూడో శతాబ్దం నాటిది. రంగు అద్దకం లేదు, గొర్రె బొచ్చులోని తెలుపు, గోధుమ రంగులే. కానీ "ఈ గళ్ళు మా వంశానివి" అనే మాట అంత పాతది కాదు.

నాకు బాగా నచ్చిన సాక్ష్యం 1703లోది. మార్టిన్ మార్టిన్ అనే ఆయన స్కై ద్వీపంలో పుట్టినవాడు, గేలిక్ మాట్లాడే మనిషి. పడమటి ద్వీపాల గురించి పుస్తకం రాశాడు. బయటినుంచి వచ్చి రాసిన దొర కాదు, అది గుర్తుపెట్టుకోండి. ఒక్కో దీవిలో గళ్ల వెడల్పు, రంగులు వేరుగా ఉంటాయనీ, ఊళ్ళు తిరిగినవాడు మనిషి కప్పుకున్న బట్ట చూడగానే వాడు ఎక్కడివాడో చెప్పగలడనీ రాశాడు. ఏ చోటివాడో అన్నాడు గానీ ఏ వంశంవాడో అనలేదు. ఇంకో ముఖ్యమైన మాట కూడా చెప్పాడు. ఆడవాళ్ళు ఒక కర్రముక్క మీద ప్రతి చారలో ఎన్ని దారాలో గుర్తుపెట్టుకుని, ఆ లెక్క తప్పకుండా చూసుకునేవాళ్ళట. అంటే ఆ గళ్ళు వాటిని నేయించిన ఆడవాళ్ళ చేతిలో, ఆ చుట్టుపక్కల దొరికే రంగుల్లో ఉన్నాయి. జిల్లా టార్టన్ అనే ఆలోచనకు వేరు ఇక్కడే ఉంది.

తర్వాత దెబ్బ పడింది. 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ యుద్ధంలో తిరుగుబాటు హైలాండర్లు ఓడిపోయారు. ఆ మైదానంలో కూడా తమవాళ్ళను గుర్తుపట్టింది గళ్ళు చూసి కాదు, టోపీకి పెట్టుకున్న తెల్ల రిబ్బను చూసి. అదే ఏడాది పార్లమెంటు చట్టం చేసింది. హైలాండ్ దుస్తులు మగవాళ్ళు, పిల్లలు వేసుకోకూడదు. మొదటిసారి దొరికితే 6 నెలల జైలు, రెండోసారి అయితే 7 ఏళ్ళు సముద్రం అవతలికి. కానీ సైనికులకు మినహాయింపు! నీ బట్ట నీ ఊళ్ళో కడితే నేరం, రాజు కోసం తుపాకీ పట్టి కడితే గౌరవం. అలా పెరిగిన హైలాండ్ రెజిమెంట్లే మన దేశానికీ వచ్చాయి, 1803లో అస్సాయే యుద్ధంలో మరాఠాల మీద పోరాడాయి. నిషేధం 1782లో ఎత్తేశారు. 36 ఏళ్ళంటే ఒక తరం పోయినట్టే.

ఖాళీ అయిన చోట వ్యాపారం వచ్చి కూర్చుంది. స్టెర్లింగ్ దగ్గర బానక్‌బర్న్‌లో విల్సన్ అండ్ సన్స్ అనే నేత కంపెనీ సైన్యానికి టార్టన్ సరఫరా చేసేది. వాళ్ళు డిజైన్లకు మొదట నంబర్లు పెట్టారు, తర్వాత అబర్దీన్, క్రీఫ్ లాంటి ఊళ్ళ పేర్లు, ఆ తర్వాత వంశాల పేర్లు. 1815లో లండన్‌లోని హైలాండ్ సొసైటీ వంశపెద్దలను మీ మీ టార్టన్ నమూనా పంపండి అని అడిగితే, కొందరికి తమది ఏదో తెలియనే తెలియదు. 1822లో రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చాడు. వాల్టర్ స్కాట్ ఏర్పాట్లు చూశాడు, అందరినీ టార్టన్‌లో రమ్మన్నాడు. ఇక కంపెనీకి పండగే. చరిత్రకారుడు ట్రెవర్-రోపర్ ఒక సంగతి చెప్తాడు. ఇప్పుడు మెక్‌ఫెర్సన్ వంశానిదని చెప్పే ఒక డిజైన్‌ను అంతకుముందు వెస్టిండీస్‌లో కిడ్ అనే ఆయన తన బానిసలకు బట్టల కోసం టోకున కొన్నాడట, దాని పేరూ అప్పుడు 'కిడ్'. ఇది చదివాక నేను కాసేపు పుస్తకం మూసేశాను.

అలాగని అంతా కట్టుకథే అని కొట్టిపారేసేవాళ్ళతోనూ నేను ఒప్పుకోను. కట్టుకథ వంశం పేరులో ఉంది. నేత, గళ్ళు, ప్రాంతాన్ని బట్టి తేడా, ఇవి 1703లోనే కళ్ళారా చూసి రాసినవి.

జమీందార్లు కూడా ఒక పని చేశారు. 1840ల నుంచి తమ ఎస్టేట్లలో వేట కాపలాదార్లకు ఎస్టేటుకో గళ్ల బట్ట పెట్టారు. గ్లెన్ ఉర్కర్ట్ చెక్స్ అలా వచ్చినవే, ఇప్పుడు సూటు బట్టల్లో కనిపిస్తాయి. అది యూనిఫాం. అప్పటికే హైలాండ్స్‌లో చాలా లోయల్లో గొర్రెల కోసం రైతులను ఖాళీ చేయించారు. మనిషి పోయాడు, లోయ పేరు కోటు మీద మిగిలింది.

ఇప్పటి జిల్లా టార్టన్లలో చాలావరకు 20వ శతాబ్దంలో గీసినవే. గాలోవే టార్టన్ 1950లో వచ్చింది. దాన్ని ఎవరూ దాచుకోరు. కెనడాలో నోవాస్కోషియాది ఇంకా బాగుంటుంది. 1953లో బెస్సీ మర్రే అనే నేత కళాకారిణి ఒక గోడ బొమ్మలో కాపరికి కిల్ట్ వేయాల్సి వచ్చింది. ఏ వంశం గళ్ళు వేసినా మిగతావాళ్ళు అలుగుతారని కొత్త డిజైన్ చేసింది. అదే ఆ రాష్ట్రం టార్టన్ అయిపోయింది.

మరి ఎవరు కట్టుకోవచ్చు? చట్టం ఏమీ అడ్డు చెప్పదు. మర్యాద ప్రకారం వంశం టార్టన్‌కు ఇంటిపేరో చుట్టరికమో చూస్తారు. జిల్లా టార్టన్‌కు ఆ ఊళ్ళో పుట్టినా, బతుకుతున్నా, తాతలు అక్కడివాళ్ళయినా చాలు. వంశం పేరు లేనివాళ్ళకు, నిన్న మొన్న వచ్చి స్థిరపడినవాళ్ళకు కూడా చోటుంది. 2009 నుంచి ప్రభుత్వం తరఫున టార్టన్ల రిజిస్టరు ఉంది, కొత్త డిజైన్ ఎప్పుడు ఎవరు చేశారో అందులో రాసిపెడతారు.

ఇంకొక్కటి. 1980ల మొదట్లో గ్లెన్ ఆఫ్రిక్ అనే లోయలో బురదనేల కింద ఒక గళ్ల ముక్క దొరికింది. పరీక్షలు చేస్తే 1500కీ 1600కీ మధ్యది అని తేలింది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, గోధుమ రంగులు. బయట పని చేసుకునేటప్పుడు కట్టుకున్న మామూలు బట్ట అయ్యుండొచ్చు అన్నారు. 2023లో డండీ మ్యూజియంలో పెట్టారు. ఆ లోయ అప్పట్లో చిషోమ్ వంశం చేతిలో ఉండేది, అయినా ఇది వాళ్ళదని ఖాయంగా చెప్పలేం అన్నారు. అందుకే దానికి దొరికిన చోటి పేరే పెట్టారు, గ్లెన్ ఆఫ్రిక్ టార్టన్ అని.